సూరజ్ ఎత్తిన నీళ్లు: రాజోలి సైలాబ్ హిసాబ్



2009లో ఈదుల్ ఫితర్ సెప్టెంబర్ 21న వచ్చింది. ఆ ఏడు రంజాన్ గడిచింది కరువు నీడలో. దేశం మొత్తం మీద నైరుతి వాన మామూలు కన్నా 22 శాతం తక్కువ. గద్వాల, అలంపూర్ వైపు ఈద్ నమాజు అయ్యాక చేతులెత్తిన కిసాన్‌లలో వాన కోసం దువా చేయనివాడు ఉండి ఉండడు. పదకొండు రోజులు గడిచాయి. షవ్వాల్ 12, అక్టోబర్ 2, జుమా. ఆ రోజుకు కర్నూలు షహర్ నీళ్లలో ఉంది. అలంపూర్ నీళ్లలో ఉంది. కర్నూలుకు ఎగువన తుంగభద్ర ఎడమ ఒడ్డున ఉన్న రాజోలి, వందల ఏళ్లుగా మగ్గం చప్పుడుతో బతికిన ఊరు, మట్టిగోడలతో సహా దరియాలో కలిసిపోయింది.

అప్పటి నుంచి మన ఇళ్లల్లో ఒక సవాల్ తిరుగుతూనే ఉంది. ఇది అజాబా? ఇమ్తెహానా? లేక ఇంజనీర్ల తప్పా? పెద్దవాళ్లు ఒక జవాబు చెబుతారు, కాలేజీ చదివే పిల్లలు ఇంకో జవాబు చెబుతారు. ఒకరి మాట ఒకరికి రుచించదు. నేను ఈ మజ్మూన్‌లో ఫత్వా ఇవ్వబోవడం లేదు, నాకు ఆ హక్కూ లేదు. కానీ ఏ సైలాబ్‌కైనా ఒక హిసాబ్ ఉంటుంది. అన్ని నీళ్లు ఎక్కడి నుంచి లేచాయి, ఎవరు ఎత్తారు, ఎంత తాకత్‌తో దిగాయి అన్న లెక్క. అది తెలియకుండా అజాబ్ అన్నా తప్పు అన్నా అటకల్ మాటే. సైన్సు చదవని అమ్మీలకు, దాదీలకు కూడా అర్థమయ్యేలా ఆ హిసాబ్‌ను రాజోలి తారీఖ్‌తో కలిపి చెబుతాను.

రెండు హుకూమత్‌ల మధ్య దరియా

ముందు జాగా సంగతి. తుంగభద్ర మనకు నది మాత్రమే కాదు, చాలాకాలం సరిహద్దు కూడా. 1800లో నిజాం తన దక్షిణ జిల్లాలను కంపెనీకి అప్పగించాడు. వాటినే దత్తమండలం అన్నారు. కర్నూలు మాత్రం ఇంకొన్నాళ్లు నవాబుల కింద ఉండి, 1839లో ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను దించేశాక బ్రిటిష్ వాళ్ల చేతికి పోయింది. అప్పటి నుంచి అటు ఒడ్డు సుంకేసుల అంగ్రేజు రాజ్యం. ఇటు ఒడ్డు రాజోలి నిజాం సల్తనత్‌లోని గద్వాల సంస్థానం వైపు. నీళ్లు ఒకటే, హాకిమ్‌లు ఇద్దరు.

అంగ్రేజులు తమ ఒడ్డున ముందే కాలువ తవ్వుకున్నారు. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడపకు కాలువ తీసింది. అదే కేసీ కెనాల్. నీళ్ల కోసమే కాక పడవల రాకపోకల కోసం కూడా తవ్వారు. కంపెనీకి అది నష్టాల బేరమైంది, 1882లో ప్రభుత్వం కొనేసుకుంది. కాలువ వచ్చిన కొద్ది ఏళ్లకే 1876లో ధాత కరువు మొదలైంది. కర్నూలు, బళ్లారి జిల్లాల్లో ఎంతమంది ఆకలితో పోయారో ఆ కాలం రికార్డులు చదివితే అన్నం సహించదు. అంటే ఈ నేలకు నీటి కొరతా తెలుసు, నీటి ఉప్పెనా తెలుసు.

ఇటు నిజాం ఒడ్డుకు తుంగభద్ర నీళ్లు న్యాయంగా దక్కడానికి చాలా ఆలస్యమైంది. 1944లో మద్రాసు, హైదరాబాద్ హుకూమత్‌ల మధ్య రాజీ కుదిరింది. 1945 ఫిబ్రవరిలో హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాముకు రెండు ఒడ్డులా రెండు పునాదిరాళ్లు పడ్డాయి. ఇటు బేరార్ ప్రిన్స్ ఆజం జా వేశారు, అటు మద్రాసు గవర్నర్ వేశారు. డ్యాము 1953కు పూర్తయింది. దాని కింద రాయచూరు జిల్లాలో రాజోలిబండ ఆనకట్ట వచ్చింది. దాన్నే మన వాళ్లు ఆర్డీఎస్ అంటారు. బచావత్ ట్రిబ్యునల్ ఆ కాలువకు మహబూబ్‌నగర్ జిల్లా వైపు 87,500 ఎకరాల కోసం 15.9 టీఎంసీలు రాసిచ్చింది. కాగితం మీద ఉన్న ఆ నీళ్లు చివరి పొలం దాకా వచ్చాయా అని అలంపూర్ తాలూకా కిసాన్‌ను అడగండి, నవ్వి ఊరుకుంటాడు. రాజోలిబండ, రాజోలి రెండూ ఒకటి కాదు. అది కర్ణాటకలోని ఊరు, ఇది మనది. పేర్లు కలవడం వల్ల బయటివాళ్లు పొరబడుతుంటారు.

ఏళ్ల తరబడి నీళ్లు రావడం లేదని కొట్లాడిన ఒడ్డునే నీళ్లు ముంచేశాయి. అదెలా అన్నది అసలు సవాల్.

తాకత్ ఎక్కడా పుట్టదు, ఎక్కడా పోదు

మనలో నూర్‌బాషీలు, దూదేకుల వాళ్లు ఉన్నారు కదా. దూదేకే విల్లును గుర్తు చేసుకోండి. చాచా పొద్దున తిన్న రొట్టె చెయ్యిలో బలమవుతుంది. చెయ్యి గుదిబండతో నారిని కొడితే ఆ బలం నారిలోకి పోతుంది. నారి వణుకు దూదిలోకి పోతుంది, దూది విచ్చుకుంటుంది. కాస్త చప్పుడుగా, కాస్త వేడిగా మిగిలింది హవాలో కలుస్తుంది. రొట్టెలో ఉన్న బలం ఎక్కడా మాయం కాలేదు, చేతులు మారింది. దీన్నే తెలుగు పుస్తకాల్లో శక్తి అంటారు, ఉర్దూ పుస్తకాల్లో తవానాయీ అంటారు. అది పుట్టదు, గిట్టదు, రూపం మారుస్తుంది అన్న కానూన్‌ను యూరప్ వాళ్లు 1840లలో తేల్చారు. జేమ్స్ జౌల్ అనే బీరు బట్టీ యజమాని కొడుకు నీళ్లలో తెడ్డు తిప్పి, నీళ్లు ఎంత వేడెక్కాయో కొలిచి చూపించాడు.

ఇప్పుడు రొట్టె వెనక్కి పోదాం. రొట్టె జొన్న నుంచి వచ్చింది. జొన్న ఎండ తాగి పెరిగింది. అంటే చాచా చెయ్యిలోది సూరజ్ బలమే. సింగరేణి బొగ్గూ అంతే. పాతిక కోట్ల ఏళ్ల కన్నా ముందు ఎండ తాగిన చెట్లు భూమి కింద పాతరేసిన ఖజానా అది. శ్రీశైలం కరెంటూ అంతే. దరియాను కొండ మీదకు ఎక్కించింది ఎవరు? సూరజే.

దీన్ని కొలుద్దాం. మన కరెంటు బిల్లులో యూనిట్ అంటే 36 లక్షల జౌల్స్. ఒక లీటరు నీళ్లను ఆవిరి చేయాలంటే సుమారు 24 లక్షల 50 వేల జౌల్స్ కావాలి. అంటే యూనిట్‌లో మూడింట రెండు వంతుల పైన. అదే లీటరును ఐదు కిలోమీటర్ల పైకి మోయాలంటే 49 వేల జౌల్స్ చాలు. ఎత్తడానికి అయ్యే ఖర్చు ఆవిరి చేసే ఖర్చులో యాభయ్యో వంతు మాత్రమే. ఇక్కడే హైరత్ కలిగించే సంగతి ఉంది. సముందర్ మీద సూరజ్ పెట్టిన ఆ ఖర్చు ఎక్కడికీ పోదు, ఆవిరి లోపల దాక్కుంటుంది. పైన మబ్బులో ఆవిరి మళ్లీ నీటి బొట్టయినప్పుడు దాచుకున్న వేడినంతా హవాకు తిరిగి ఇచ్చేస్తుంది. ఆ వేడికి హవా తేలికై ఇంకా పైకి లేస్తుంది, కింద ఖాళీ అయిన చోటికి తడి హవా ఇంకా దూసుకొస్తుంది. తుఫానుకు పెట్రోలు ఈ దాచిన వేడే.

ఎంత పెట్రోలు? ఒక చదరపు కిలోమీటరు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే పది వేల టన్నుల నీళ్లు. అంత వాన తయారయ్యేటప్పుడు పైన విడుదలయ్యే వేడి సుమారు 68 లక్షల యూనిట్లు. వంద చదరపు కిలోమీటర్ల నేల మీద 20 సెంటీమీటర్లు కురిసిందనుకోండి. 1,360 కోట్ల యూనిట్లు. శ్రీశైలంలో కుడి గట్టు 770 మెగావాట్లు, ఎడమ గట్టు 900 మెగావాట్లు, మొత్తం 1,670. రెండూ రాత్రింబవళ్లు ఆగకుండా నడిచినా రోజుకు 4 కోట్ల యూనిట్లే. అంటే కొన్ని ఊళ్ల మీద రెండు రోజుల్లో పడే పెద్ద వాన వెనుక, శ్రీశైలం పదకొండు నెలలు నడిస్తే వచ్చేంత బలం ఉంటుంది. 2009 సెప్టెంబర్ ఆఖరున బంగాళాఖాతం నుంచి వచ్చిన అల్పపీడనం ఇలాంటి బలాన్నే తెచ్చి కర్నూలు, మహబూబ్‌నగర్, ఉత్తర కర్ణాటక మీద కుమ్మరించింది. కృష్ణా, భీమా, తుంగభద్ర, హంద్రీ అన్నీ ఒకేసారి పొంగాయి.

అల్‌బిరూనీ చూసిన గులకరాళ్లు

పైకి ఎత్తిన నీళ్లు కిందికి దిగాలి. దిగేటప్పుడు ఏం చేస్తాయో వెయ్యేళ్ల కిందటే మన వాడొకడు గమనించాడు. అబూ రైహాన్ అల్‌బిరూనీ 1030 ప్రాంతంలో రాసిన కితాబుల్ హింద్‌లో గంగా మైదానం గురించి చెబుతూ, పహాడ్‌ల దగ్గర ప్రవాహం ఉధృతంగా ఉన్నచోట రాళ్లు పెద్దవిగా, దూరం పోయేకొద్దీ చిన్నవిగా, నది నెమ్మదించి సముందర్ దగ్గరయ్యే చోట ఇసుకగా ఉన్నాయని గుర్తించాడు. దాన్నిబట్టి ఈ మైదానం ఒకప్పుడు సముందర్ అని, నదులు తెచ్చిన మట్టితో పూడిందని తీర్మానించాడు. కొలబద్ద లేకుండా రాళ్లను చూసి నీటి తాకత్ చదివిన మనిషి ఆయన.

నేటి లెక్క ఆ మాటను ఇంకా పదునుగా చెబుతుంది. నీటి వేగం రెట్టింపైతే అది గోడ మీద వేసే దెబ్బ రెట్టింపు కాదు, నాలుగింతలు. దొర్లించగల రాయి బరువు అయితే 64 రెట్లు. ఒక ఘనమీటరు నీళ్లు ఒక టన్ను బరువు. మోకాలి లోతు దరియాలో నడిచిన వాళ్లకు ఆ తోపు తెలుసు. పైగా రాజోలిలో ఎక్కువ ఇళ్లు మట్టి, రాయి కలిపి కట్టినవి. మట్టి గోడ ఎండినప్పుడు బండలాంటిది. నానిన మట్టి రేణువుల మధ్యకు నీరు చేరితే పట్టు వదిలేస్తుంది. అందుకే వరద ఎక్కినప్పుడు నిలబడ్డ ఇల్లు కూడా వరద తీసేటప్పుడు కూలుతుంది. నీళ్లు బయట దిగిపోతాయి, గోడ లోపలి నీళ్లు లోపలి నుంచి తోస్తాయి. సైలాబ్ తర్వాత రోజు సామాను కోసం ఇంట్లోకి దూరవద్దని చెప్పేది ఇందుకే.

నేతగాడి ఇంట్లో నష్టం రెండింతలు. మిగతావాళ్లకు ఇల్లు పోతే ఇల్లే పోతుంది. చేనేత కారీగర్‌కు ఇల్లే కార్ఖానా. గుంట మగ్గం నేలలో ఉంటుంది, మొదట నిండేది ఆ గుంటే. పడుగు, నూలు, పట్టు, అద్దకాలు, అప్పు చేసి తెచ్చిన జరీ, అన్నీ ఒకే గదిలో. అల్‌బిరూనీ చెప్పిన ఆ సన్నటి మట్టి, వేగం తగ్గిన చోట దిగే ఒండ్రు, పొలంలో పడితే బర్కత్. మగ్గం గుంటలో పడితే రోజీ మీద పడిన మట్టి. గద్వాల చీర అంచుకు ఎంత పేరున్నా, ఆ రోజు రాజోలిలో చీరలు బురదలో ముద్దలయ్యాయి. ఊరు ఎత్తైన చోట కొత్త కాలనీగా మళ్లీ మొదలైంది. పాత ఊరు, కోట, నది ఒడ్డు యాదుల్లో ఉన్నాయి. ఇల్లు కట్టివ్వడం హుకూమత్‌కు, దాతలకు చేతనవుతుంది. ఇల్లు, మగ్గం, బేరగాడు, పక్కింటి నేతగాడు అన్నీ కలిసిన పాత మొహల్లాను మళ్లీ కట్టడం ఎవరి తరం?

శ్రీశైలం రాత్రులు

కిందికి పోతే శ్రీశైలం. ఈ డ్యాము పూర్తి మట్టం 885 అడుగులు. 2009 అక్టోబర్ మొదటి వారంలో వచ్చిన ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. నీటిమట్టం 896 అడుగులకు పోయింది. వచ్చినదంతా వదిలే దారి లేదు. గేట్ల నుంచి వదిలింది సుమారు 14 లక్షల క్యూసెక్కులు. అంటే సెకనుకు దాదాపు 40 వేల టన్నుల నీళ్లు. నాగార్జునసాగర్ పూర్తి మట్టానికి, శ్రీశైలం పూర్తి మట్టానికి తేడా 295 అడుగులు. ఆ ఎత్తు నుంచి ఆ నీళ్లు దూకుతుంటే పుట్టే బలం 30 వేల మెగావాట్ల పైమాటే. అక్కడున్న మొత్తం టర్బైన్ల కన్నా సుమారు ఇరవై రెట్లు. ఆ ఖుద్రత్ ముందు మనిషి యంత్రం ఎంత చిన్నదో ఈ అంకె చెబుతుంది.

డ్యాము నిలబడింది, అల్‌హందులిల్లాహ్. కాని శ్రీశైలాన్ని ముందే నిండుగా ఉంచడం వల్ల కర్నూలు మునిగిందన్న వాదన ఆ రోజుల్లో గట్టిగా వినిపించింది. ఇక్కడ ఒక కష్టమైన ఉసూల్ ఉంది. డ్యాము కరెంటుకు, సాగుకు నిండుగా ఉండాలి. సైలాబ్‌కు ఖాళీగా ఉండాలి. ఒకే కుండ రెండు పనులకు పనికిరాదు. సెప్టెంబర్ ఆఖరులో, కరువు సంవత్సరంలో, నిండిన నీళ్లను వదిలేద్దామని చెప్పే అధికారికి కలేజా కావాలి. వాన రాకపోతే వేసవిలో అందరూ ఆయన్నే తిడతారు. పైగా డ్యాములకు కూడా వయసు ఉంటుంది. తుంగభద్ర డ్యాము 133 టీఎంసీలకు కట్టారు. ఒండ్రు పూడి ఇప్పుడు 105 దగ్గరకు వచ్చింది. ఆ తేడా నీళ్లు ఆగే జాగా లేక కిందికే రావాలి. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యాము 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయినప్పుడు, దిగువ ఊళ్లన్నిటికీ హెచ్చరికలు వచ్చాయి. రాజోలి వాళ్లకు ఆ రాత్రి ఏం గుర్తొచ్చి ఉంటుందో చెప్పక్కర్లేదు.

1908: తుగ్యానీ నేర్పిన సబక్

మనకు ఇలాంటి రోజు ముందూ ఒకటుంది. 1908 సెప్టెంబర్ 28న, రంజాన్ మొదలైన రోజుల్లోనే, హైదరాబాద్ మూసీ పొంగింది. మన పెద్దలు దాన్ని తుగ్యానీ అంటారు. పదిహేను వేల మంది చనిపోయారని లెక్క. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు నూట యాభై మందిని కొమ్మల మీద మోసి బతికించింది. ఉర్దూ షాయిర్ అమ్జద్ హైదరాబాదీ ఆ నీళ్లలో అమ్మను, భార్యను, కూతురిని పోగొట్టుకుని ఒంటరిగా మిగిలాడు. ఆయన రుబాయీలలోని ఆ గాఢమైన సబర్ ఎక్కడి నుంచి వచ్చిందో ఇది తెలిస్తే అర్థమవుతుంది.

అప్పుడు కూడా అజాబ్ అన్నవాళ్లు ఉండే ఉంటారు. దువాలు, సద్‌ఖాలు జరిగే ఉంటాయి. కాని హుకూమత్ అక్కడితో ఆగలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన నీళ్లను ఆపాలి అన్న ఆయన సలహా మీద 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ వచ్చాయి. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ లాంటి మన ఇంజనీర్లు ఆ తరంలోనే నిజాంసాగర్ లాంటి పనులు చేసి చూపించారు. ఆయన పుట్టిన జులై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకుంటోంది. తుగ్యానీ తర్వాత తారీఖ్ నేర్పింది ఒకటే. ఆన్సువులు తుడుచుకున్నాక హిసాబ్ వేసిన వాళ్లే తర్వాతి తరాన్ని బతికించారు.

భూమి మీద రజాయి

ఇప్పుడు హిసాబ్‌లో కొత్త పద్దు చేరింది. 1908 ఇంజనీర్లకు అది తెలియదు. వాళ్లు గడిచిన వానలను చూసి రాబోయే వానలను అంచనా వేశారు. ఆ లెక్క ఇక సరిపోదు. ఎందుకో చూద్దాం.

సూరజ్ భూమికి ఎండ ఇస్తాడు. భూమి వేడెక్కి, ఆ వేడిని కంటికి కనిపించని కిరణాలుగా ఆస్మాన్‌లోకి తిరిగి పంపేస్తుంది. వచ్చింది, పోయింది సమానమైతే మీజాన్ నిలబడుతుంది. హవానే లేకపోతే ఈ లెక్కలో భూమి సగటు వేడి సున్నాకు 18 డిగ్రీలు కింద ఉండాలి. నిజానికి సున్నాకు 15 పైన ఉంది. ఆ తేడా హవాలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువుల దయ. అవి ఎండను లోపలికి రానిస్తాయి, వేడిని బయటికి తేలిగ్గా పోనివ్వవు. చలిరాత్రి రజాయి లాగా. రజాయి తనంత తాను వేడి పుట్టించదు, మన ఒంటి వేడిని ఆపుతుంది. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికన్ ఖాతూన్ గాజు గొట్టాల్లో వాయువులు నింపి ఎండలో పెట్టి, కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం ఎక్కువ వేడెక్కిందని చూపించింది. మూడేళ్లకు జాన్ టిండాల్ ఆ పనిని కొలతలతో పక్కా చేశాడు. అంటే ఇది నిన్న మొన్న టీవీలో పుట్టిన మాట కాదు, మన 1857 గదర్ కాలం నాటి ఇల్మ్.

ఆ రజాయి దళసరి అవుతోంది. కార్ఖానాల కాలానికి ముందు హవాలో పది లక్షల వంతుల్లో 280 వంతులు కార్బన్ డయాక్సైడ్ ఉండేది. 1958లో హవాయి దీవుల్లో కొలవడం మొదలుపెట్టినప్పుడు 315. రాజోలి మునిగిన ఏడు 387. 2024లో 424 దాటింది. బొగ్గుతో తీసిన ప్రతి యూనిట్ కరెంటుకు సుమారు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ గొట్టంలోంచి పైకి పోతుంది. పాతిక కోట్ల ఏళ్ల ఖజానాను మనం రెండు వందల ఏళ్లలో తగలబెడుతున్నాం. ఇలా ఆగిపోయిన అదనపు వేడిలో నూటికి తొంభై వంతుల పైన సముందర్‌లోకే పోతోంది. ఇక్కడే మన వాన సంగతి వస్తుంది. హవా ఒక డిగ్రీ వేడెక్కితే అది మోయగల ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. భూమి ఇప్పటికే ఒక డిగ్రీకి పైగా వేడెక్కింది. తుఫానుకు పెట్రోలు ఆవిరేనని పైన చెప్పుకున్నాం. ట్యాంకు పెద్దదైంది. నేల తడి కూడా త్వరగా ఆరిపోతుంది. అందుకే ఒకే ఏడాదిలో కరువూ సైలాబ్ రెండూ చూసే రోజులు వచ్చాయి. వానరోజులు తగ్గడం, పడిన రోజు కుమ్మరించడం.

ఇన్సాఫ్ కోసం ఒక మాట. 2009 సైలాబ్‌కు ఫలానా కార్ఖానా పొగే సబబ్ అని ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. పసిఫిక్ సముందర్ వేడెక్కే ఎల్‌నినో అనే పాత సంగతి ఒకటుంది. 1877 కరువులోనూ, 2009 కరువులోనూ అది ఉంది. వానలు మనిషి పుట్టక ముందు నుంచీ పొంగుతూనే ఉన్నాయి. చెప్పగలిగింది ఇంతే. రజాయి దళసరి అయ్యేకొద్దీ అలాంటి వాన వచ్చే అవకాశం పెరుగుతుంది, వచ్చినప్పుడు ఇంకా బరువుగా వస్తుంది. జర్దా తిన్న ప్రతివాడికీ కేన్సర్ రాదు, అయినా జర్దా హానికరమని ఎందుకు అంటున్నాం? అదే దలీల్ ఇక్కడా.

మీజాన్ ఎవరి చేతిలో?

మర్వ్ షహర్‌లో అల్‌ఖాజినీ అనే ఆలిం ఉండేవాడు. 1121 ప్రాంతంలో ఆయన రాసిన కితాబ్ పేరు మీజానుల్ హిక్మా, అంటే హిక్మత్ త్రాసు. లోహాల, ద్రవాల బరువులను ఆశ్చర్యపడేంత నిక్కచ్చిగా తూచాడు. హవాకు కూడా బరువుంటుందని గుర్తించాడు. ఆ పేరు ఊరికే పెట్టలేదు. మీజాన్ మాట సూరా రహ్మాన్‌లో ఉందని మన పిల్లలకు తెలుసు. ఆస్మాన్‌కు, త్రాసుకు ఒకే మాట వాడటంలోని ఇషారా ఆ ఆలింలకు అర్థమైంది. కొలవడం ఈమాన్‌కు ఎదురు కాదు, ఈమాన్‌లో భాగం. హవాలో ఎన్ని వంతులు పెరిగాయో కొలవడం కూడా అదే త్రాసు పని.

ఇక రాజోలి మండలంలో తాజా సంగతి. పెద్ద ధన్వాడ దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని చుట్టుపక్కల ఊళ్ల కిసాన్‌లు నెలల తరబడి ఆందోళన చేశారు. 2025 జూన్‌లో అది ఘర్షణ దాకా పోయింది, అరెస్టులు జరిగాయి. ఇథనాల్ అంటే ధాన్యంలో దాగిన ఎండను పులియబెట్టి తీసిన ఇంధనం. పెట్రోలులో కలిపితే విదేశీ చమురు తగ్గుతుందని సర్కారు మాట. నీళ్లు, హవా, పొలం పాడవుతాయని ఊరి భయం. తవానాయీ కానూన్ ఇక్కడ ఇద్దరికీ ఒక సవాల్ వేస్తుంది. ఆ పంట పండించడానికి పోసిన నీళ్లు, ఎరువు, మోటారు కరెంటు, బట్టీ కింద మంట, అన్నీ తూచాక చివరికి మిగిలే లాభం ఎంత? ఆ లాభం ఎవరికి, నష్టం ఏ ఒడ్డుకు? 'గ్రీన్' అని బోర్డు పెట్టినంత మాత్రాన త్రాసు ఒప్పుకోదు. కొత్తదన్నంత మాత్రాన కూడదని కూడా చెప్పదు. నది అవతల కర్నూలు వైపు వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు నడుస్తోంది. అక్కడ సూరజ్ బలం నీళ్లను ఎత్తకుండా, బొగ్గును తగలబెట్టకుండా నేరుగా తీగలోకి వస్తుంది. కాని దానికీ వేల ఎకరాల నేల కావాలి. ముఫ్త్‌గా వచ్చే బలం ఏదీ లేదు. తూచి తీసుకోవాలి, బరువు మోసేవాళ్లను అడిగి తీసుకోవాలి.

మరి అజాబ్ సవాల్? దాని జవాబు నేను ఆలింలకే వదిలేస్తాను. ఒక్క మాట మాత్రం అడుగుతాను. రాజోలి నేతగాడి ఇంట్లో ఏసీ లేదు, కారు లేదు. భూమి రజాయిని దళసరి చేసిన వాళ్లలో ఆయన వాటా చిటికెడు. మొదట నిండింది ఆయన మగ్గం గుంటే. అలాంటి చోట నిలబడి, "ఇది వాళ్ల గునాహ్‌లకు అజాబ్" అని అనేముందు నోరు కొంచెం తడబడాలి. మజ్లూమ్ మీద ఇల్జాం వేయడం మన దీన్ నేర్పలేదు. పారే దరియా ఒడ్డున కూర్చుని వుజూ చేసినా నీళ్లు వృథా చేయొద్దన్న తాలీమ్ మనది. ముందు ఒంటెను కట్టు, తర్వాత తవక్కుల్ చెయ్ అన్న తాలీమ్ మనది. ఒంటెను కట్టడమంటే ఈ రోజుల్లో ఏమిటి? నది మట్టం కబురు ఊరి మస్జిద్ మైకు దాకా, గుడి మైకు దాకా గంటల ముందే అందడం. ఒడ్డు కన్నా ఎత్తున ఇల్లు కట్టుకోవడం. మగ్గానికి, పడుగుకు బీమా ఉండటం. డ్యాము ఎప్పుడు నింపాలి, ఎప్పుడు ఖాళీ చేయాలి అన్న ఫైసలా దిగువ ఊళ్లకు తెలిసేలా జరగడం. మన పిల్లల్లో ఒకరిద్దరైనా అలీ నవాజ్ జంగ్ దారిలో నీటి ఇల్మ్ చదవడం.

రాబోయే సెప్టెంబర్‌లో ఎండ మండుతుంటే వాన కోసం చేతులెత్తుతాం. ఎత్తాలి కూడా. దువాలో రహ్మత్‌గా కురిపించమని, జహ్మత్‌గా కాదని అడుగుతాం. ఆ దువా చేసిన చేతులతోనే ఆ సాయంత్రం పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఈ హిసాబ్ చెప్పండి. ఒక లీటరు నీళ్లను ఆస్మాన్‌కు ఎత్తడానికి సూరజ్ ఎంత ఖర్చు పెడతాడో చెప్పండి. రాజోలి పేరు చెప్పి చెప్పండి. పోయిన ఊరికి మనం ఇవ్వగలిగిన ఈసాలె సవాబ్‌లో ఇది కూడా ఒకటని నా నమ్మకం.

వల్లాహు అఅలం. ఖుదా హాఫిజ్.